రోడ్డు మార్జిన్లో మా బతుకు

మాకు పొలం లేదు. మా తాతకీ లేదు, ఆయన తండ్రికీ లేదు. మాకున్నదల్లా రోడ్డే. విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి, దూది ఏకి, పరుపులూ బొంతలూ కుట్టి బతికిన దూదేకులోళ్లం మేం. విల్లు పోయాక లారీ స్టీరింగు పట్టుకున్నాం. స్టీరింగు పట్టలేనోళ్లం పంక్చర్ షాపు పెట్టాం, టీ బంకు పెట్టాం. ఏం చేసినా రోడ్డు మీదే చేశాం. అందుకే ఈ రోడ్డు పక్కన మనిషి కాసేపు ఆగే చోటు ఎట్లా ఉండేదో, ఎట్లా పోయిందో చెప్పే హక్కు మాకుందనుకుంటున్నాం.

మా ఊరు చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య, మద్రాసు-కలకత్తా ట్రంకు రోడ్డు వారన. ఎటు చూసినా నల్లరేగడి. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. మా తాత గుంటూరు జిల్లాలో పుట్టాడు. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. మేం ఆ జిల్లాలో పుట్టాం. 2022 నుంచి మా పిల్లలది బాపట్ల జిల్లా. ఇంతా చేసి మాలో ఎవరం ఊరు మారలేదు. రోడ్డు సంగతీ అంతే. మా చిన్నప్పుడది ఐదో నెంబరు జాతీయ రహదారి. 2010లో నెంబర్లు మార్చినప్పుడు పదహారయింది. మా ఊళ్లో ముసలాళ్లు మాత్రం ఇప్పటికీ ట్రంకు రోడ్డనే అంటారు.

మా తాత నడిచిన రోడ్డుకి రెండు పక్కలా చింతచెట్లు, వేపచెట్లు, మధ్యమధ్య మర్రి. కొమ్మలు పైన కలిసిపోయి పందిరేసినట్టు ఉండేదంట. పొద్దున్నే బయల్దేరితే ఎండ నెత్తికెక్కే వేళకి ఒక చెట్టు కింద విల్లు దించేవాడు. పక్కన బండ్లవాళ్లు ఎడ్లను విప్పి గడ్డేసేవాళ్లు. మూడు రాళ్ల పొయ్యి, జొన్న సంకటి, ఉల్లిపాయ, పచ్చి మిరపకాయ. ఊళ్లోంచి ఎవరైనా పాత పరుపు తెస్తే అక్కడే విప్పి ఏకి ఇచ్చేవాడు. చెట్టు ఆయనకి సత్రమూ అదే, కార్ఖానా అదే.

మరి అసలు సత్రాలు లేవా అంటే, ఉండేవి. పుణ్యం కోసం కట్టించినవి, పేరు కోసం కట్టించినవి. కానీ ఆ సత్రాలకి కులాలుండేవి. ఒకటి బ్రాహ్మలకి, ఒకటి వైశ్యులకి. దూదేకుల సాయిబుకి లోపల చోటెక్కడిది? ఎవరూ గదమాయించకపోతే మా తాత బయట అరుగు మీద నడుం వాల్చేవాడు. ఎండాకాలం చలివేంద్రాల దగ్గర ఆయన చేతికి చెంబు ఇచ్చేవాళ్లు కాదు. వంగి దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్లు. ముంజేతుల మీదుగా సగం నీళ్లు కిందికి పోయేవని ఆయన నవ్వుతూ చెప్పేవాడు. మాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. దళితులకైతే ఆ దోసిట్లో నీళ్లు కూడా అందరూ తాగాకే.

కాబట్టి పాత రోజులన్నీ బాగుండేవని మేం చెప్పబోవడం లేదు. పాత సత్రాల కోసం బెంగపడేవాళ్లు బహుశా వాటి లోపల పడుకున్నవాళ్లై ఉంటారు. మా బెంగ చెట్ల కోసం. చెట్టు కింద పడుకోడానికి మా తాత ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది.

అయితే ఈ గడ్డ మీద ఎప్పుడూ ఇట్లాగే లేదు. గుంటూరు జిల్లాలోనే, మందడం పక్కన మల్కాపురంలో 1261 నాటి శాసనం ఉంది. కాకతీయ రుద్రమదేవి కాలం. మందడాన్నీ వెలగపూడినీ ఆమె విశ్వేశ్వర శివాచార్యుడికి దానమిచ్చింది. ఆయన అక్కడ మఠం, విద్యాలయం, ప్రసూతిశాల, అన్నసత్రం పెట్టాడు. ఆ సత్రంలో బ్రాహ్మడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా, ఏ వేళకొచ్చినా అన్నం పెట్టాలని రాతి మీద చెక్కించాడు. ఇవాళ రాష్ట్ర సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. ఆ ఆఫీసుల్లో రోడ్ల ఫైళ్లు చూసేవాళ్లలో ఎంతమంది పక్కనే ఉన్న ఆ రాయి దగ్గరికెళ్లి చదివారో మరి.

తర్వాత ఈ ప్రాంతం గోల్కొండ ఏలుబడిలోకి వచ్చింది. కొండవీటికి ముర్తజానగర్ అని పేరు పెట్టారు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వచ్చే బాట మీద హయత్ బక్షీ బేగం మసీదు కట్టించి, దాని చుట్టూ బాటసారులకు సరాయి కట్టించింది. ఆ హయత్‌నగర్ ఇప్పుడు హైదరాబాదు శివారు. ఉత్తరాదిన 1540 నుంచి 1545 దాకా ఏలిన షేర్షా రెండేసి కోసులకో సరాయి కట్టించాడని, వాటిలో హిందువులకీ ముస్లిములకీ విడివిడిగా నీళ్లూ భోజనమూ ఏర్పాటు చేశాడని బళ్లో చదువుకున్నాం. విడివిడిగానే కావొచ్చు, ఒకే ప్రహరీ లోపలే కదా. మన గుళ్లు కూల్చారని మాత్రమే మా గురించి చెప్పే పెద్దమనుషులు ఈ సరాయిల మాట ఎత్తరు. మా తాతలు ఎవరి సరాయిలూ కట్టలేదు, ఎవరి గుళ్లూ కూల్చలేదు. పరుపులు కుట్టారు. ఆ పరుపుల మీద వాళ్లు పడుకోనూలేదు. అయినా నవాబుల లెక్కంతా మా ఖాతాలోనే రాస్తారు.

మా మతంలో బాటసారికి చాలా మినహాయింపులున్నాయి. ప్రయాణంలో నమాజు తగ్గించుకోవచ్చు, రంజాన్ ఉపవాసం తర్వాతి రోజుల్లో తీర్చుకోవచ్చు. జకాత్ అందుకోవాల్సిన ఎనిమిది రకాల మనుషుల్లో దారిలో చిక్కుబడ్డ ముసాఫిర్ ఒకడు. అతన్ని ఇబ్నుస్సబీల్ అంటారు, అంటే దారి బిడ్డ. సబీల్ అంటే అరబ్బీలో దారి. దారినపోయేవాళ్లకి ఊరికే పోసే నీళ్లనీ సబీల్ అనే అంటారు. పీర్ల పండగప్పుడు కర్బలా దాహాన్ని తల్చుకుని మేం కుండలతో పానకం పెట్టేది అందుకే. మా ఊళ్లో పీర్లను మొక్కేవాళ్లలో సగానికి పైగా హిందువులే. సబీల్ అనే మాట వాళ్లకి తెలీదు, మాకూ చాలా కాలం తెలీదు. పానకం మాత్రం అందరికీ తెలుసు.

మా నాయన 1970ల్లో లారీ క్లీనరుగా ఎక్కాడు. తర్వాత డ్రైవరయ్యాడు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎత్తుకుని, టార్పాలిన్ పట్టా కప్పి, మోకులు బిగించి కలకత్తా దాకా పోయేవాడు. సీజను కానప్పుడు పేట నుంచి పత్తి బేళ్లు. మిర్చి లోడు మీద మనిషి పడుకోలేడు. ఘాటుకి కళ్లు మండుతాయి, ఒళ్లంతా మంటెక్కుతుంది. పత్తి మీదైతే మెత్తగా ఉంటుంది గానీ, ఒక్క బీడీ ముక్క చాలు లారీ అంటుకోడానికి. అందుకని డ్రైవరుకి లారీ దిగి పడుకునే చోటు కావాలి. చెట్టో, పాకో, నులకమంచమో, పక్కన నీళ్లో. ఇది సుఖం కోసం కాదు, డ్రైవరు పనిలో భాగమే.

1980ల్లో మా అమ్మ రోడ్డు వారన, పెద్ద చింతచెట్టు కింద తాటాకు పాకేసి టీ బంకు పెట్టింది. ఆరు నులకమంచాలు, రెండు నీళ్ల తొట్లు, ఒక కుండ. టీ తాగినవాడికే మంచం అనే రూలు లేదు. కాసేపు పడుకుని నీళ్లు తాగి ఏమీ కొనకుండా వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో. పంజాబు డ్రైవర్లు తొట్టి దగ్గర జుట్టు విప్పుకుని స్నానం చేసేవాళ్లు. తమిళ డ్రైవర్లు టీలో పాలు తక్కువయ్యాయని గొడవ పెట్టుకునేవాళ్లు. పొద్దున్నే రైతులొచ్చి పేపరు చదివించుకునేవాళ్లు. 1987-88లో తెల్లదోమ పత్తిని పీల్చేసినప్పుడు, పురుగుమందు తాగి చనిపోయిన రైతుల కబుర్లు మాకు ముందుగా తెలిసింది ఆ పాకలోనే. అప్పు తీర్చలేని రైతు ఒకాయన ఆ ఎండాకాలమంతా మా మంచం మీద కూర్చుని రోడ్డుకేసి చూస్తుండేవాడు. అమ్మ ఆయన్ని ఏమీ అడిగేది కాదు. టీ గ్లాసు పెట్టేది, ఖాళీ గ్లాసు తీసేది.

బంకుకి 'బాజీ టీ స్టాల్' అని పేరు పెట్టాం. గుంటూరు దగ్గర పెదకాకానిలో బాజీ షహీద్ దర్గా ఉంది. అదే ఊళ్లో మల్లేశ్వరస్వామి గుడి ఉంది. కొత్త లారీ కొన్నవాళ్లు అక్కడ పూజ చేయిస్తారు. మా నాయన ఎక్కిన ప్రతి లారీకీ గుళ్లో పూజ జరిగింది. ఆయన దర్గా దగ్గర ఫాతెహా కూడా చదివించాడు. ఓనరు కాదనలేదు. బాజీ, మస్తాన్ అనే పేర్లు మా వైపు హిందువులు కూడా పెట్టుకుంటారు. మస్తాన్‌రావులు, మస్తానమ్మలు ఊరికి నలుగురుంటారు. అందుకని బంకు పేరు చూసి మేమెవరమో చెప్పడం కుదిరేది కాదు. చెప్పాల్సిన పనీ పడలేదు.

నిజానికి మేమెవరమో మాకే సరిగ్గా చెప్పనిచ్చేవాళ్లు కాదు. మాకు ఉర్దూ రాదు. సూరాలు తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టాం. ఉర్దూ మాట్లాడే సాయిబులు పెళ్లి సంబంధాల దగ్గర 'వాళ్లు దూదేకులోళ్లు' అని పక్కకి జరిగేవాళ్లు. ఊళ్లోవాళ్లు 'తురకోళ్లు' అనేవాళ్లు. ప్రభుత్వం బీసీ-బి అని రాసుకుంది. మసీదులో సగం మనుషులం, రచ్చబండ దగ్గర సగం మనుషులం. మొత్తం మనుషులుగా మమ్మల్ని చూసింది మా మంచాల మీద అలిసిపోయి పడుకున్న డ్రైవర్లే. అలిసిపోయినవాడికి మంచం ఎవరిదో తెలుసుకునే ఓపిక ఉండదు.

1992 డిసెంబరు తర్వాత ఆ ఓపిక కొందరికి వచ్చింది. ఏళ్ల తరబడి మా దగ్గర ఆగే డ్రైవరొకడు ఒక పొద్దున టీ సగం తాగి, పాకలో వేలాడుతున్న మక్కా క్యాలెండరు చూసి, "మీరు సాయిబులా?" అన్నాడు. "అవును నాయనా" అంది అమ్మ. "నాకు తెలీదే" అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. చెడ్డమాట ఏమీ అనలేదు. మళ్లీ ఆగలేదు. ఆ క్యాలెండరు తీసేద్దామా అని మేం అన్నాం. అమ్మ తీయలేదు. "రెండు నెలల్లో దానంతట అదే మారుతుందిలే" అంది. ఏ క్యాలెండరయినా సంవత్సరం అయ్యాక మారాల్సిందే గదా అని ఆమె ఉద్దేశం.

రోడ్డు మాత్రం క్యాలెండరులా మారలేదు, ఒక్కసారిగా మారింది. వాజపేయి ప్రభుత్వం స్వర్ణ చతుర్భుజి అన్నది. ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, కలకత్తాలను కలిపే 5,846 కిలోమీటర్ల రోడ్డు. 2000 తర్వాత మా వైపు నాలుగు లైన్ల పని మొదలైంది. ముందుగా వచ్చింది చెట్లకు నెంబర్లు వేసేవాళ్లు. తెల్ల పెయింటుతో మా చింతచెట్టుకీ నెంబరేశారు. నెంబరేస్తే గవర్నమెంటు కాపాడుతుందనుకున్నాం. వారంలో కోత యంత్రాలొచ్చాయి. నూరేళ్ల చెట్టు మధ్యాహ్నం భోజనాల వేళకి పడిపోయింది. మొద్దులు వేలంలో ఎవరో పాడుకున్నారు. ఆ రోజు పాక మీద మొట్టమొదటిసారి ఎండ నిలువునా పడింది.

తర్వాత పాక వంతు. పట్టా ఉన్న పొలానికి నష్టపరిహారం వచ్చింది. మాది రోడ్డు మార్జిన్. ఇరవై ఏళ్లు అక్కడ బతికినా మాకు కాగితం లేదు. ఒక ఆఫీసుకెళ్తే ఇంకో ఆఫీసుకి పొమ్మన్నారు. అక్కడ ఒకాయన "మీరు ఆక్రమణదారులు. ఖాళీ చేయిస్తున్నాం గానీ కేసు పెట్టడం లేదు, అది సంతోషించండి" అన్నాడు. ఇరవై ఏళ్లు ఊరికే మంచాలేసి పడుకోబెట్టినవాళ్లని ఆక్రమణదారులంటారని మాకు అప్పుడే తెలిసింది. ఇదే రోడ్డు మాకు మొదట ఏకులా వచ్చింది, మేకై కూర్చుంది. దూదేకులోళ్లకి ఏకంటే ఏంటో, మేకంటే ఏంటో వేరే చెప్పాలా?

రోడ్డు బాగుపడలేదని మేం అనడం లేదు. గుంటూరు నుంచి ఒంగోలుకి అప్పట్లో పట్టిన టైములో ఇప్పుడు నెల్లూరు దాటిపోవచ్చు. కాన్పు నొప్పులొస్తే పేట ఆస్పత్రికి నిమిషాల్లో వెళ్తున్నాం. తర్వాత ఆరు లైన్లయ్యాయి, ఊళ్లకి బైపాసులొచ్చాయి. ఆ రోడ్డు మీద మేమూ ప్రయాణం చేస్తున్నాం. మా ప్రశ్న ఒక్కటే. ఇన్ని లైన్లు వేసినవాళ్లకి, లారీ నడిపేవాడు మనిషని, వాడికి నిద్ర వస్తుందని ఎందుకు గుర్తు రాలేదు?

ఒకప్పుడు నిద్రొస్తే మట్టి మార్జిన్లోకి దిగి చెట్టు కింద ఆపేవాళ్లు. ఇప్పుడు రోడ్డు వారన ఇనుప కమ్మీ. దాని అవతల కాలవ, అవతల సర్వీసు రోడ్డు, అవతల ఊరు. కాజ, బొల్లాపల్లి, టంగుటూరు, ముసునూరు అంటూ వరసగా టోల్‌గేట్లు. టోలు ఎన్ని కిలోమీటర్లకి ఒకటి ఉండాలో 2008 రూల్సులో రాసుకున్నారు, మామూలుగా అరవై కిలోమీటర్లు. డబ్బు ఎక్కడ కట్టాలో అంత లెక్కగా ఉంది. తడ దగ్గర చెక్‌పోస్టులో కాగితాల కోసం గంటలకొద్దీ ఆపినప్పుడు డ్రైవర్లు తిట్టుకునేవాళ్లు గానీ, ఆ క్యూలోనే స్టీరింగు మీద తలపెట్టి కునుకు తీసేవాళ్లు. 2017లో జీఎస్టీ వచ్చాక సరుకు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక టోల్‌గేటు దగ్గరా ఆగే పని లేదు. 2018లో నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లుండాలనే రూలు తీసేశారు. ఖర్చు తట్టుకోలేక ఓనర్లు క్లీనర్లనీ మానిపించారు. ఆగే చోట్లన్నీ పోయాయి, మేలుకొలిపే పక్క మనిషీ పోయాడు. మిగిలింది ఒక్క డ్రైవరు, నల్లగా మెరిసే రోడ్డు.

మా బావ అట్లాంటి ఒక్క డ్రైవరే. మా అక్క మొగుడు. 2011 మార్చి, మిర్చి సీజను. రెండు రాత్రుల నుంచి యార్డు దగ్గర లోడు కోసం కాపలా కాసి, మూడో రాత్రి మద్రాసుకి బయల్దేరాడు. ఒంటిగంటకి అక్కకి ఫోన్ చేసి "కళ్లు మూతలు పడతన్నాయే, ఎక్కడన్నా ఆపుతా" అన్నాడు. ఒక పెట్రోలు బంకులో ఆపబోతే డీజిల్ కొట్టించుకుంటేనే లోపలికన్నారంట. ఆ సంగతి కూడా ఫోన్లో చెప్పాడు. ఒంగోలు దాటాక రోడ్డు వారన ఆపాడు. కమ్మీ అడ్డమై ఎడమ చక్రాలు మాత్రమే దిగాయి. కుడి చక్రాలు రోడ్డు మీదే. కిందికి దిగి వెనక చక్రాలకి రాళ్లు పెడుతున్నాడు, వెనకొచ్చేవాళ్లకి తెలిసేట్టు కంపకొమ్మ వేద్దామని చూస్తున్నాడు. అప్పుడు వెనకనుంచి ఇంకో లారీ వచ్చి కొట్టింది. ఆ డ్రైవరు ఒడిశా కుర్రాడు. వాడూ నిద్రలోనే ఉన్నాడు. ఇద్దరూ పోయారు. మిర్చి టిక్కీలు పగిలి రోడ్డంతా ఎర్రగా పడ్డాయి. శవాల్ని తీయడానికొచ్చినవాళ్లు ఘాటుకి తుమ్ముతూ, ముక్కులకి గుడ్డలు కట్టుకుని తీశారు. మా కళ్ల నీళ్లలో ఏడుపు నీళ్లేవో, ఘాటు నీళ్లేవో ఆ రోజు మాకే తెలీలేదు.

కాగితాల్లో మాత్రం 'రోడ్డు మీద నిర్లక్ష్యంగా వాహనం నిలిపినందువల్ల' అని రాశారు. తప్పు మా బావది. నడిపి ఉంటే నిద్రలో నడిపినందుకు తప్పయ్యేది, ఆపాడు కాబట్టి ఆపినందుకు తప్పయింది. మా అక్క ఆ కాగితం పట్టుకుని ఆరేళ్లు తిరిగింది.

ఆ తిరుగుళ్లలో ఒక వకీలు గారు మాకో సంగతి చెప్పారు. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చిందంట. రోజుకి ఎనిమిది గంటల పని, వారానికి నలభై ఎనిమిది గంటలు. రాత్రి ఆగాల్సిన చోట యజమాని విశ్రాంతి గది ఏర్పాటు చేయాలి. విని మా అక్క ఆశగా చూసింది. ఆయన తర్వాతి మాట చెప్పారు. అయిదుగురు, అంతకంటే ఎక్కువ కార్మికులున్న సంస్థలకే ఆ చట్టం. ఒకటి రెండు లారీల ఓనర్ల దగ్గర పనిచేసే మా బావలాంటి వాళ్లకి కాదు. మా తాతకి సత్రం అరుగు దొరికినట్టు, మా బావకి చట్టం అరుగు కూడా దొరకలేదు. 2020లో ఆ చట్టాన్ని కొత్త కార్మిక కోడ్‌లో కలిపేశారు.

ఇప్పుడు మళ్లీ పెద్ద పెద్ద మాటలు వింటున్నాం. 2021లో జాతీయ రహదారుల మీద 600కు పైగా చోట్ల ప్రపంచస్థాయి వసతులు కడతామన్నారు. 2024 ఫిబ్రవరిలో డ్రైవర్ల కోసం మొదటి విడతగా వెయ్యి భవనాలన్నారు. అదే ఏడాది అక్టోబరులో ఒక విధానం తెచ్చి దానికి 'హమ్‌సఫర్' అని పేరు పెట్టారు. ఉర్దూ రాని మాకు కూడా ఆ మాటకర్థం తెలుసు, తోటి ప్రయాణికుడని. ఆ మాట నిలబెట్టుకుంటే సంతోషమే. కానీ ఇప్పటిదాకా మేం చూసినంతలో, కొత్తగా వచ్చిన చోట్లలో కార్లకి నీడ ఉంది, లారీలకి ఎండ. కాఫీ తాగితే కుర్చీ. తాగకపోతే సెక్యూరిటీ గార్డు వచ్చి నిలబడతాడు. లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాలేసుకుని వెళ్తే అద్దాల తలుపు దగ్గరే కళ్లతో తూకం వేస్తాడు. ఆ గార్డు కూడా మాలాంటి ఇంటి పిల్లాడే. వాడి తప్పేం లేదు.

ఆడవాళ్ల సంగతి ఎవరూ అడగరు. మిరపకోతల కాలం వస్తే మార్కాపురం, యర్రగొండపాలెం, కర్నూలు వైపుల నుంచి కూలీలు ఆటోల్లో, ట్రాలీల్లో కుక్కుకుని మా పొలాలకు వస్తారు. పది మందిలో ఏడుగురు ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు. ఒకప్పుడు అమ్మ బంకు వెనక తడికల దొడ్డి ఉండేది. అక్కడ ఆగేవాళ్లు. ఇప్పుడు గంటలకొద్దీ బిగబట్టుకుని కూర్చుంటారు. దారిలో మంచినీళ్లు తాగడం మానేస్తారు. ఈ దేశంలో ఆడమనిషి దాహాన్ని చంపుకుని ప్రయాణం చేయాల్సి రావడం రోడ్డు లెక్కల్లోకి రాదు.

ఇంకో సంగతి. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో ఉన్న హోటళ్లు, బండ్లు, దాబాల వాళ్లు తమ పేర్లు బయట రాసి పెట్టాలని పోలీసులు ఉత్తర్వులిచ్చారు. ఆకలేసినవాడికి పేరెందుకు? పేరులో ఏం చూస్తారో అందరికీ తెలుసు. జులై 22న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుల్ని ఆపింది. ఆ వార్త చదివినప్పుడు మాకు టీ గ్లాసు సగంలో వదిలి వెళ్లిపోయిన డ్రైవరు గుర్తొచ్చాడు. అప్పుడు ఒక మనిషి మనసులో ఉన్న ప్రశ్న, ముప్పై ఏళ్లకి బోర్డయి రోడ్డు మీద నిలబడబోయింది. మా వైపు ఇంకా ఆ బోర్డు రాలేదు. రాకూడదు. బాజీ అనే పేరు ఎవరిదో తేల్చుకోమని ఎవరైనా అడిగితే మా ఊళ్లో సగంమంది జవాబు చెప్పలేరు.

మేం కోరేది పెద్దదేం కాదు. టోలు రూల్సులో ఎన్ని కిలోమీటర్లకి గేటో రాసినట్టే, ఎన్ని కిలోమీటర్లకి డబ్బు అడగని నీడో కూడా రాయండి. లారీ పూర్తిగా దిగేంత జాగా, నాలుగు చెట్లు, కుళాయి, ఆడవాళ్లకి తలుపున్న దొడ్డి, పడుకోడానికి అరుగు. దాని మీద ఎవరి పేరూ వద్దు. దాతల పేరూ వద్దు, మంత్రి పేరూ వద్దు, దేవుడి పేరూ వద్దు. ఏడున్నర శతాబ్దాల కింద మల్కాపురంలో రాతి మీద రాసిన మాట, ఈ రోజు తారు రోడ్డు మీద రాయలేమా?

మా అమ్మకిప్పుడు ఎనభై దాటాయి. సర్వీసు రోడ్డు పక్కన మా ఇంటి ముందు ప్రతి వేసవిలో ఒక కుండ పెడుతుంది. పైన తాటాకులు, పక్కన గొలుసు కట్టిన గ్లాసు. ఆగేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లలో కొందరు ఇంటికేసి చూసి, "ఎవరిల్లమ్మా ఇది?" అంటారు. "ముందు నీళ్లు తాగు నాయనా" అంటుంది. తాగాక మళ్లీ అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. పోయిన ఎండల్లో రివర్సు తీస్తున్న ట్రాలీ తగిలి కుండ పగిలింది. ఆ సాయంత్రమే పేట నుంచి కొత్తది తెప్పించింది. కొత్త కుండ నీళ్లు మట్టి వాసనేస్తున్నాయని మేమంటే, "రెండు రోజులు పారబోసి మళ్లీ నింపండి, పోద్ది" అంది.